బొమ్మల కొలువు కాదు... బళ్ల కొలువు!

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. బళ్లు బొమ్మలు కూడా అవుతాయని మాత్రం ఎక్కడా చెప్పలేదు. నమ్మకం కలగకపోతే, పాత మోటార్‌సైకిళ్ల క్లబ్బువాళ్లు ఎక్కడైనా తమ బళ్లను ప్రదర్శనకు పెట్టినప్పుడు ఓసారి వెళ్లి చూడండి. అచ్చం మనింట్లో సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువే! కాకపోతే పేరంటాళ్ల బదులు మెకానిక్కులు, శనగల బదులు టీ కప్పులు. అంతే తేడా.

కొలువులో ఏం చేస్తాం? ఏడాదంతా అటకమీదున్న పెట్టె దించుతాం. అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మ దుమ్ము తుడుస్తాం. ముక్కు విరిగిన రాజుగారిని పారేయడానికి మనసొప్పక వెనక వరసలో నిలబెడతాం. ఎవరైనా వచ్చి ‘ఈ బొమ్మ ఎక్కడిదమ్మా?’ అని అడగాలని ఎదురుచూస్తాం. అడిగారా, ఇక మనల్ని ఆపేవాళ్లుండరు. ‘ఇదా పిన్నిగారూ, మా అమ్మ కాపురానికొచ్చినప్పుడు...’ అని మొదలు.

బళ్ల కొలువులోనూ ఇదే తంతు. ఏడాదంతా షెడ్డులో గోనెపట్టా కింద పడుకున్న బండి బయటికొస్తుంది. మడ్‌గార్డు సొట్ట అలాగే ఉంటుంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఓ పెద్దాయనో, ఓ కుర్రాడో కూర్చుని ఎవరడుగుతారా అని చూస్తుంటాడు. అడిగారా... ‘ఇదాండీ, మా తాతగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో...’ అని మొదలు!

రెండు రకాల షోలు

మోటార్‌సైకిళ్ల షో అనగానే మనకు గుర్తొచ్చేది కంపెనీల హంగామా. రంగుల దీపాలు, గుండ్రంగా తిరిగే వేదిక, దానిమీద రేపో మాపో రోడ్డెక్కబోయే కొత్త బండి. ఇటలీలోని మిలాన్ నగరంలో ఇలాంటి షో ఒకటి 1914లోనే మొదలైంది. మనదేశంలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పో 1986లో మొదలైంది. అక్కడ నిలబడేవాళ్లు కంపెనీ మనుషులు. బండి గురించి అడిగితే మైలేజీ చెబుతారు, ధర చెబుతారు, బుకింగు ఎప్పుడో చెబుతారు. వాళ్ల పని అది.

క్లబ్బు స్టాలు ఇందుకు పూర్తిగా తిరకాసు. అక్కడ అమ్మేది ఏమీ ఉండదు. ధర అడిగితే కొందరికి కోపం కూడా వస్తుంది. నిలబెట్టిన ప్రతి బండికీ ఓ యజమాని ఉంటాడు, ఆయన ఆ పక్కనే ఉంటాడు. దాన్ని నడిపింది ఆయనే, తుడిచింది ఆయనే. నడిరోడ్డు మీద ఆగిపోతే తిట్టుకుంటూ తోసుకొచ్చిందీ ఆయనే. కంపెనీ షోలో రేపటి బండి కనపడుతుంది. క్లబ్బు స్టాల్లో నిన్నటి మనుషులు కనపడతారు.

ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ కౌంటీ షోగ్రౌండ్‌లో ఏళ్ల తరబడి ఏటా ఏప్రిల్లో జరుగుతున్న ఇంటర్నేషనల్ క్లాసిక్ మోటర్‌సైకిల్ షోలో ఈ క్లబ్బు స్టాళ్లే పెద్ద ఆకర్షణ. ఒక్కో క్లబ్బూ తన సభ్యుల బళ్లు తెచ్చి, ఓ పాతకాలం పెట్రోలు బంకులాగానో, మెకానిక్ షెడ్డులాగానో స్టాలు అలంకరించి పోటీ పడుతుంది. మన దగ్గర అంత హంగు లేకపోయినా ఆ సరదా ఉంది. ఏటా జులైలో రెండో ఆదివారం జావా డే. ఆ పొద్దున హైదరాబాద్, బెంగళూరు లాంటి ఊళ్లలో జావాలూ యెజ్డీలూ ఒకచోట చేరతాయి. టికెట్టు లేదు, వేదిక లేదు. రోడ్డు పక్కన వరసగా స్టాండేస్తారు, అదే ప్రదర్శన.

కొలువులో ఎవరెవరు?

మన తెలుగు ఊళ్లలో ఇలాంటి వరస ఎక్కడ చూసినా మూడు నాలుగు కుటుంబాల బళ్లు ఖాయంగా ఉంటాయి.

మొదట జావా. ఇది చెక్ దేశపు బండి. 1929లో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన జర్మనీ కంపెనీ వాండరర్ నుంచి మోటార్‌సైకిల్ తయారీ హక్కులు కొన్నాడు. తన పేరులోంచి ‘జా’, ఆ కంపెనీ పేరులోంచి ‘వా’ తీసుకున్నాడు. జావా అయింది. 1961లో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం మొదలైంది. దాన్ని ప్రారంభించింది మైసూరు మహారాజా జయచామరాజ వడయార్. తర్వాత 1973 ప్రాంతంలో అదే బండి యెజ్డీ అనే పేరు పెట్టుకుంది. కర్మాగారం నడిపిన ఇరానీ కుటుంబం మూలాలు ఇరాన్‌లో ఉన్నాయి. అక్కడి యజ్ద్ నగరం పేరే యెజ్డీ. 1996లో కర్మాగారం మూతపడింది. చెక్, జర్మనీ, ఇరాన్, మైసూరు... నాలుగు ఊళ్ల నీళ్లు తాగిన బండి మన సందులో కిక్కు కొట్టించుకుంది! ఆ కిక్ రాడ్డులో తమాషా మీకు గుర్తుందా? కిక్కు కొట్టేదీ అదే, దాన్ని ముందుకు తిప్పితే గేరు వేసేదీ అదే. చూడ్డానికొచ్చిన పిల్లలు ముందు అడిగేది దీని గురించే. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో కొత్త బళ్లమీద మళ్లీ వచ్చాయి. కానీ కొలువులో పెద్దపీట మైసూరు బళ్లదే.

రెండోది బుల్లెట్. ఇంగ్లండులోని రెడిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ మొదటి మోటార్‌సైకిల్ చేసింది 1901లో. బుల్లెట్ అనే పేరు వచ్చింది 1932లో. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఆ తర్వాత ఇంగ్లండులో తయారీ ఆగిపోయింది, మద్రాసులో మాత్రం ఆగలేదు. 1977లో మద్రాసు బుల్లెట్లు ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి. బళ్లు ఓడలెక్కడమంటే ఇదే మరి! పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు. హెడ్‌లైటుకు అటూ ఇటూ పులికళ్లలాంటి రెండు చిన్న లైట్లు. కిక్కు కొట్టాలంటే ముందు ఆంపియర్ మీటరు ముల్లు చూడాలి, డీకంప్రెసర్ నొక్కాలి, ఆ తర్వాతే కాలు వేయాలి. తొందరపడితే కాలు తిరగబడుతుంది. ఊళ్లో డాక్టరుగారికో, ఎస్సైగారికో, పెద్దకామందుకో తప్ప ఇది దొరికేది కాదు. దూరం నుంచి చప్పుడు వినగానే వచ్చేదెవరో తెలిసిపోయేది.

మూడోది రాజ్‌దూత్. ఎస్కార్ట్స్ కంపెనీ పోలండు డిజైనుతో చేసిన బండి. పాలక్యాన్లు మోసింది ఇదే, వరి బస్తా మోసింది ఇదే. 1973లో ‘బాబీ’ సినిమాలో కనపడిన బుల్లి రాజ్‌దూత్ దీని తమ్ముడు. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 అయితే యమహా సాంకేతికతతో చేసిన చిరుతపులి. దాని వేగం మన రోడ్లకు ఎక్కువ, దాని పెట్రోలు ఖర్చు మన జేబులకు ఎక్కువ. అందుకే ఎక్కువకాలం బతకలేదు. అప్పుడు ‘పెట్రోలు తాగేస్తోంది, వదిలించుకో’ అని సలహా ఇచ్చినవాళ్లే ఇప్పుడు దాని చుట్టూ నిలబడి సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు.

వీటి తర్వాత 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100. ఒకటి కాలేజీ కుర్రాళ్ల కల. రెండోది జీతగాళ్ల లెక్క. ‘ఇవి కూడా పాతబళ్లేనా!’ అని ఆశ్చర్యపోకండి. నలభై ఏళ్లు దాటాయి. మన తలలు చూసుకున్నా తెలుస్తుంది.

తెర వెనక తిప్పలు

చూసేవాళ్లకు వరసగా నిలబెట్టిన పది బళ్లే కనపడతాయి. ఆ పదీ అక్కడికి చేరడానికి ముందు నడిచే కథ వేరు.

షోవాళ్లు క్లబ్బుకు ఇచ్చే చోటు పది బళ్లకు సరిపడా ఉందనుకోండి, సభ్యులు నలభై మంది ఉంటారు. ఎవరి బండి పెట్టాలి? ఇక్కడే మొదలవుతుంది అసలు మహాభారతం. ‘నాది అందరికంటే పాతది’ అంటాడొకాయన. ‘నీది పాతదే, కానీ అందులో సగం సామాన్లు కొత్తవి’ అంటాడు ఇంకొకాయన. సెక్రటరీగారి బండి ఏటా మధ్యలోనే ఎందుకుంటుందన్న అనుమానం ఎవరూ పైకి అనరు, కానీ అందరికీ ఉంటుంది. చూడ్డానికి చిన్న తగువే. కానీ పదేళ్లు కష్టపడి బండి నిలబెట్టుకున్న మనిషికి ‘ఈసారికి నీది వద్దులే’ అన్న మాట చాలు, మళ్లీ ఆ క్లబ్బు గడప తొక్కడు. క్లబ్బులు చీలిపోయేది డబ్బు దగ్గర కంటే ఇలాంటి మాటల దగ్గరే ఎక్కువ.

తెలివైన క్లబ్బులు దీనికో ఉపాయం చేస్తాయి. ‘మంచి బళ్లు’ అని కాకుండా ఓ కథ అనుకుని ఏరతాయి. ఒకే మోడలు మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా ఎలా మారిందో వరసగా చూపించడం ఒక పద్ధతి. పోస్టుమేన్, పాలవాడు, డాక్టరు, పోలీసు అంటూ ఎవరెవరు ఏ బండి నడిపారో చూపించడం ఇంకో పద్ధతి. అన్నిటికంటే నాకు నచ్చిన పద్ధతి ఇది: ఒకటి తళతళలాడేలా బాగుచేసిన బండి, ఒకటి ఏమీ చేయకుండా అలాగే ఉంచిన బండి, ఒకటి రోజూ ఆఫీసుకు వెళ్లే బండి, ఒకటి ఇంజిను విప్పి సగంలో ఉన్న బండి. నాలుగూ పక్కపక్కన పెడితే చూసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మొత్తం విషయం అర్థమవుతుంది. పైగా సగం విప్పిన బండి ఉన్న కుర్రాడికి కూడా కొలువులో చోటు దొరుకుతుంది.

ఇక జాగ్రత్తలు. జనం తిరిగే చోట పెట్రోలు బళ్లు నిలబెట్టడమంటే ఆషామాషీ కాదు. ట్యాంకులో పెట్రోలు వచ్చి వెళ్లడానికి ఎంత కావాలో అంతే ఉంచాలి. మూతకు తాళం వేయాలి. పెట్రోలు కాక్ మూసేయాలి. బ్యాటరీ తీగ విప్పేయాలి. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. సైడు స్టాండు మీద కాకుండా సెంటర్ స్టాండు మీద నిలపాలి. ఎందుకంటే ‘ఎక్కి కూర్చో నాన్నా, ఫొటో తీస్తా’ అనే తండ్రులు మన దగ్గర లెక్కలేనంత మంది. నూట అరవై, నూట డెబ్భై కిలోల బండి పక్కకు వాలితే చిన్నపిల్లాడి కాలు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బండి కింద ఓ అట్టముక్క కూడా తప్పనిసరి. పాత బుల్లెట్ అన్నాక కాసింత ఆయిలు కారుతుంది. ‘కారకపోతే కంగారుపడాలి, లోపల ఆయిలే లేదన్నమాట’ అని మెకానిక్కుల హాస్యం.

మెరుపా? మరకా?

ఈ క్లబ్బుల్లో ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. పాత బండిని కొత్తదానిలా మెరిపించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

మెరుపు పక్షం వాదన తీసిపారేయదగ్గది కాదు. తుప్పు ఆగదు. ఇవాళ మడ్‌గార్డును తిన్నది రేపు ఫ్రేమును తింటుంది. క్రోమ్ ప్లేటింగ్ చేయించి, పుల్లలు మార్చి, ట్యాంకుకు రంగు వేయించి, మీద బంగారు గీతలు చేత్తో గీయిస్తే ఆ బండి ఇంకో ముప్ఫై ఏళ్లు నిలుస్తుంది. చూసే పిల్లలకు ‘మా తాత కాలంలో బళ్లు ఇంత అందంగా ఉండేవా’ అనిపిస్తుంది.

మరక పక్షం వాదన ఇంకోటి. ట్యాంకుకు రెండు పక్కలా రంగు పోయి ఉంటుంది చూడండి, అది ఆ ఇంటాయన మోకాళ్లు ముప్ఫై ఏళ్లు రాసుకున్న చోటు. సీటు వెనక పట్టుకునే కమ్మీ మీద మెరుపు ఓ పక్కే పోయి ఉంటుంది. అది ఆవిడ పక్కకు తిరిగి కూర్చుని పట్టుకున్న చోటు. హ్యాండిల్‌కు కట్టిన చిన్న చేతిసంచి గుర్తు, మడ్‌గార్డు మీద పెయింటరు రాసిన దేవుడి పేరు, ముందు చక్రానికి పట్టిన ఎర్రమట్టి రంగు... ఒక్కసారి గీకి రంగు వేశాక ఇవేవీ తిరిగి రావు. రంగు మళ్లీ ఎప్పుడైనా వేయించుకోవచ్చు. గీకేసినదాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

నాకు రెండో పక్షంవైపే మొగ్గు. తుప్పును ఆపండి, మరకను ఉంచండి అంటాను. ఆయిలు గుడ్డతో తుడవండి. ఇంజిను, బ్రేకులు, టైర్లు, వైర్లు కొత్తవి వేయించండి. అవి ప్రాణానికి సంబంధించినవి. కానీ రంగు డబ్బా తెరిచేముందు ఒక్క వారం ఆగండి. ఆ వారంలో బండిని నాలుగు పక్కలా ఫొటోలు తీయండి. ఇంట్లో పెద్దవాళ్లను పిలిచి ‘ఈ సొట్ట ఎప్పటిది?’ అని అడగండి. ఏమో, ఆ సొట్ట మీరు పుట్టిన రోజు కంగారులో ఆసుపత్రి గేటుకు తగిలింది కావచ్చు!

సొట్ట సంగతి అలా ఉంచి, నంబరు ప్లేటు ఒక్కటి చూసినా బోలెడు చరిత్ర. ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల నంబరుంటే అది 1989 జులైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి రాకముందు రిజిస్టరైన బండి. తర్వాత ఏపీ, జిల్లా అంకె. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్, 2024 నుంచి టీజీ. ఒక్క వరసలో నాలుగు రకాల ప్లేట్లు నిలబడితే అది మన రాష్ట్రాల చరిత్ర పాఠమే.

ఒక్క కప్పు కింద వద్దు

‘ఇంత గోల దేనికి? మంచి బళ్లన్నీ ఓ మ్యూజియంలో పెట్టేస్తే సరిపోదా?’ అనొచ్చు. మ్యూజియాలు కావాల్సిందే. కానీ 2003 సెప్టెంబరు 16న ఏం జరిగిందో చూడండి. బర్మింగ్‌హామ్ దగ్గరున్న బ్రిటన్ నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియంలో మంటలు లేచాయి. పారేసిన ఓ సిగరెట్ ముక్క దానికి కారణమని తేలింది. అక్కడున్నవాళ్లు చేతనైనన్ని బళ్లను బయటికి తోసుకొచ్చారు. అయినా దాదాపు 380 బళ్లు కాలిపోయాయి. ఏడాది తిరిగాక, 2004 చివర్లో మ్యూజియం మళ్లీ తెరిచారు. 2021 జనవరిలో ఆస్ట్రియా కొండల్లో హోఖ్‌గుర్గల్ అనే చోట ఇంకో మోటార్‌సైకిల్ మ్యూజియం ఒక్క తెల్లవారుజామున తగలబడింది. 200 పైచిలుకు బళ్లు బూడిదయ్యాయి.

విత్తనం ఒక్క గాదెలోనే దాచకూడదని మన రైతుకు ఎప్పటినుంచో తెలుసు. పదిళ్లలో దాస్తే ఒకింట్లో పురుగు పట్టినా తొమ్మిదిళ్లలో మిగులుతుంది. క్లబ్బు సభ్యుల బళ్లు అలాంటి విత్తనాలే. ఒకటి గుంటూరులో ఓ షెడ్డులో, ఒకటి వరంగల్లులో మెట్ల కింద, ఒకటి రాజమండ్రిలో పశువుల పాక పక్కన. వాటిని ఏడాదికోసారి ఒకచోట చేర్చి చూపించి, సాయంత్రానికి ఎవరింటికి వాళ్లు తీసుకెళ్లిపోవడమే క్లబ్బు ప్రదర్శన. ఒక్కరోజు మ్యూజియం అన్నమాట. జీతాలు లేవు, కరెంటు బిల్లు లేదు.

ఈ ఆలోచనకు పాతికమందో నలభైమందో చాలు. 1946 ఏప్రిల్ 28న, రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసిన ఇంగ్లండులో, హాగ్స్ బ్యాక్ అనే చోట టిచ్ అలెన్ అనే ఆయన పిలిస్తే 38 మంది పోగయ్యారు. పాత మోటార్‌సైకిళ్లను కాపాడుకోవడానికి వింటేజ్ మోటర్ సైకిల్ క్లబ్ పెట్టారు. 1930 చివరిలోపు తయారైన బళ్లే అప్పట్లో వాళ్ల లెక్కలోకి వచ్చేవి. అంటే, పదహారేళ్ల కిందటి బళ్లను కాపాడాలని వాళ్లు అప్పుడే మేలుకున్నారు. మనం పదహారేళ్ల బండిని ఏం చేస్తున్నాం? తూకానికి వేస్తున్నాం.

చట్టం ఏమంటోంది?

తూకం మాట వచ్చింది కాబట్టి కాగితాల సంగతీ చూద్దాం. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. తర్వాత ఆర్టీఏ ఆఫీసులో బండి చూపించి ఐదేసేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. చాలా ఇళ్లలో బండి చచ్చిపోయేది ఇంజిను పాడై కాదు, ఇక్కడే. ఆర్సీ బుక్కు ఎక్కడుందో తెలియదు, తాతగారి పేరు మీదనే ఉండిపోయింది, మార్పించడానికి ఎవరికీ తీరిక లేదు. ‘ఎందుకొచ్చిన గొడవ’ అని పాత ఇనుప సామాన్లవాణ్ని పిలుస్తారు.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, రూపురేఖల్లో పెద్ద మార్పులు లేకుండా ఉన్న ద్విచక్ర వాహనాలు, కార్లు ఇందులోకి వస్తాయి. కొత్తగా నమోదు చేయిస్తే ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. ముందే నమోదై ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. వింటేజ్ అని నమోదయ్యాక ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో రోడ్డెక్కచ్చు. రోజువారీ తిరుగుడుకు మాత్రం వీల్లేదు.

చూడ్డానికి మంచిదే. కానీ ఇందులో ఓ మెలిక ఉంది. 1970 నాటి జావా మీద ఇప్పటికీ మార్కెట్టుకు వెళ్లి కూరగాయలు తెచ్చే రిటైర్డు మాస్టారు ఉన్నారనుకోండి. ఆ బండి బొమ్మ కావాలా, బండిగానే ఉండాలా? వింటేజ్ గౌరవం ఇస్తే కూరగాయల సంచి దించేయాలి. వద్దనుకుంటే ఐదేళ్లకోసారి మామూలు క్యూలో నిలబడాలి. ఇరవై వేలు పెట్టగలిగినవాడికి ఇది సరదా, పెట్టలేనివాడికి సమస్య. క్లబ్బులు ఎక్కువగా సాయపడాల్సింది ఇక్కడే అనిపిస్తుంది. షోలో కప్పు గెలవడం కంటే, ఓ మాస్టారి ఆర్సీ ఆయన పేరు మీదికి మార్పించడం పెద్ద సేవ.

‘నాకూ ఉండేది... అమ్మేశాను’

ఇలాంటి ప్రదర్శనల్లో కాసేపు పక్కన నిలబడి వినండి. ఎక్కువసార్లు వినపడే మాట ఇంజిను గురించి కాదు, వేగం గురించి కాదు.

‘ఏ సంవత్సరానిది బాబూ ఇది?’

‘డెబ్భై ఒకటండీ. మా తాతగారిది.’

‘నాకూ ఉండేది... అమ్మేశాను.’

అంతే. ఆ మాట దగ్గర గొంతు కాస్త ఆగుతుంది. పిల్ల పెళ్లికి అమ్మినవారు కొందరు, స్కూటర్ కొనడానికి అమ్మినవారు కొందరు. మోకాళ్లు నొప్పులొచ్చి కిక్కు కొట్టలేక అమ్మినవారు ఇంకొందరు. ఎవరి కారణం వారికి సబబే. అలాంటి పెద్దాయన వస్తే ‘ముట్టుకోవద్దు’ అన్న బోర్డును ఓ నిమిషం పక్కన పెట్టే క్లబ్బువాళ్లు ధన్యులు. ‘రండి మావయ్యగారూ, ఎక్కి కూర్చోండి’ అంటే చాలు. ఆ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు ఆ మొహం చూడాలి. యాభై ఏళ్లు దిగిపోతాయి.

ఇంకో మాట. బళ్ల చుట్టూ మూగేది మగవాళ్లు, కార్డుల మీద పేర్లూ వాళ్లవే. కానీ ఆ బళ్లమీద సగం ప్రయాణం చేసింది ఆడవాళ్లు. చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా శారీ గార్డు మీద కాళ్లు పెట్టుకుని, ఒళ్లో ఒకణ్ని, ట్యాంకు మీద ఒకదాన్ని కూర్చోబెట్టుకుని, పండక్కి పుట్టింటికి వెళ్లినవాళ్లు. ఆ వెనక సీటు జ్ఞాపకాలు ఎవరూ రాయలేదు. ప్రదర్శన కార్డు మీద ఆవిడ మాట కూడా రెండు వరసలు రాయండి. ‘గుంటలో పడ్డప్పుడల్లా ఆయనకు వినపడేలా తిట్టేదాన్ని’ అన్నా సరే, అది కూడా చరిత్రే.

ఈ ఆదివారం ఓ పని

మీ ఇంట్లోనో, మీ అన్నయ్యగారి ఇంట్లోనో, ఊళ్లో పెదనాన్నగారి కొట్టంలోనో ఇలాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది. ఇవాళ సెలవే కదా, వెళ్లి పట్టా ఎత్తండి.

ఎత్తగానే ఉత్సాహంగా కిక్కు మాత్రం కొట్టకండి. ఏళ్ల తరబడి ఆగిన ఇంజినులో పిస్టన్ పట్టేసి ఉండొచ్చు. ప్లగ్గు విప్పి కాస్త ఇంజినాయిలు పోసి, ఓ రోజు నాననిచ్చి, మెల్లగా తిప్పి చూడాలి. ట్యాంకులోని పాత పెట్రోలు తీసేయాలి. అది కార్బొరేటర్‌లో జిగురులా పేరుకుంటుంది. ఆ పని తెలిసిన పాత మెకానిక్ మీ ఊళ్లో ఇంకా ఉంటే, ముందు ఆయన్ని పలకరించండి. జావా పాయింట్లు చెవితో విని సరిచేసే చేతులు తగ్గిపోతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో వెతికితే సామాను దొరకవచ్చు, లేత్ మీద చేయించుకోవచ్చు. ఆ నేర్పు మాత్రం ఏ కొట్లోనూ అమ్మరు. ఓ పిల్లాణ్ని ఆయన పక్కన కూర్చోబెట్టి ఫోనులో వీడియో తీయించినా మేలే.

తర్వాత ఆర్సీ బుక్కు వెతకండి. దొరికితే ఇనప్పెట్టెలో పెట్టండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఓ కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పాత ఆల్బమ్ తిరగేయండి. బండి పక్కన నాన్న నిలబడ్డ ఫొటో ఒకటైనా ఉంటుంది. అది కొలువులో బండి కంటే ఎక్కువ మందిని ఆపుతుంది.

చివరగా ఓ పోస్టుకార్డంత అట్ట తీసుకోండి. ఏ ఏడు, ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, మొదటి ప్రయాణం ఎక్కడికి, ఎవరెవరు ఎక్కారు... అయిదే వరసలు. సమాధానాలు తెలిసినవాళ్లు ఇంట్లో ఉండగానే రాయించండి. బండికి స్పేర్లు దొరుకుతాయి. ఆ అయిదు వరసలకు దొరకవు.